పావురం ఎగిరిపోయింది, పరివారం దిగబడింది

గోకడం మొదలైతే ఇంట్లో అందరూ డాక్టర్లే. జనగామలో అద్దెకుంటున్న ఈ వ్యాసకర్త మోచేతుల మీద, నడుము చుట్టూ లేచిన దద్దుర్లు చూసి భార్య వంకాయ పడలేదంది. ఎదురింటాయన నల్లులన్నాడు. భూపాలపల్లి నుంచి బావమరిది ఫోన్లోనే నాడి పట్టాడు: "ఒంట్ల వేడి బావా, సబ్జా గింజలు నానేసుకొని తాగు." పరుపు డాబా ఎక్కింది, మంచం ఎండలో పడింది, వంకాయ వంటింటి గడప తొక్కడం మానేసింది. దురద మాత్రం కదల్లేదు.

గుట్టు విప్పింది మహబూబాబాద్ చిన్నమ్మ.

"కిటికీ కాడ పావురాలు గూడు పెట్టినయా బిడ్డా?"

"పెట్టినయి చిన్నమ్మా. పిల్లలై మొన్ననే ఎగిరిపోయినయి."

"గంతే మరి. కోడిపేన్లు. పిట్ట పోయినంక గవి ఏం తింటయి? నిన్నే తింటయి."

పొదుగుకోడి లేచిన గంపలో చెయ్యి పెట్టిన మనిషికి ఈ చదువు పుస్తకాల్లో వెతుక్కోవాల్సిన పని లేదు. వెతికితే మాత్రం బోలెడంత ఉంది. పక్షి గూళ్లలో కాపురముండే కీటకాల జాబితాతో ఎల్లిస్ హిక్స్ అనే అమెరికన్ 1959లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఈకలు కొరికే బట్టల చిమ్మెటలు, పెంటలో పెరిగే పేడపురుగులు, ఈగలు, నల్లుల దాయాదులు అందులో ఎవరికి వారే. కోడిపేను ఆ జాబితాలో ఇమడదు, ఎందుకంటే అది కీటకమే కాదు. ఎనిమిది కాళ్లు, సాలీళ్లకూ తేళ్లకూ చుట్టం. మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకలి మీద బూడిదరంగు, నెత్తురు తాగితే ఎరుపు. పగలు సందుల్లో పడుకుని రాత్రి భోజనానికి బయల్దేరుతుంది. తిండి దొరక్కపోయినా నెలల తరబడి ఓపిక పడుతుంది. అద్దె ఒకటో తారీఖు దాటితే ఓపిక పట్టని ఓనర్లున్న ఊళ్లో ఇంత సహనం ఎవరికుంది?

గూడు పెట్టింది కూలర్ వెనక స్టాండు మీద. దాన్ని గూడనడానికే మొహమాటం: నాలుగు పుల్లలు, ఒక వైరు ముక్క, ఆపైన అంతా రెట్టే. రెండు గుడ్లు పద్దెనిమిది రోజులు పొదిగి, పిల్లల్ని నెల రోజులు మేపి అవి వెళ్లేదాకా కూలర్ బంద్. మే నెలలో. "పాపం, పసిపిల్లలు" అని భార్య స్విచ్ ముట్టుకోనివ్వలేదు. పసిపిల్లలు ఒంటరిగా రాలేదు. పావురాల ఒంటి మీద బల్లపరుపుగా పాకే ఈగ ఒకటుంటుంది, నెత్తురే దాని తిండి. పావురం పేనుకు రెక్కల్లేవు కదా, ఇంకో పావురం మీదికి పోవాలంటే ఆ ఈగ కాళ్లు పట్టుకుని వేలాడుతుంది, స్టేషన్ ఘన్‌పూర్ షేర్ ఆటో వెనక కమ్మీ పట్టుకుని వేలాడే మనిషిలాగే. ఛార్జీ కూడా లేదు.

పురుగూ పిట్టా అనగానే గిజిగాడి మాట రావాలి, వస్తే తొందరగా పోదు. జనగామ దాటితే బావి మీదికి వంగిన తాటిచెట్టు మట్టలకు దాని గూళ్లు వేలాడుతుంటాయి. మగపిట్ట గూట్లో తడిమట్టి మెత్తుతుంది. ఆ మట్టికి మిణుగురుల్ని అతికించి రాత్రి దీపాలు పెట్టుకుంటుందని ఊళ్లో చెప్పని తాత లేడు. ఈ వ్యాసకర్తకు ఆ కథ మీద చిన్నప్పటి నుంచీ అనుమానమే. చీకటి పడితే పడుకునే పిట్టకు దీపమెందుకు? చదువుకుంటుందా? పైగా మట్టి మెత్తేది గూడు సగం అల్లి, హెల్మెట్ ఆకారంలో ఉన్నప్పుడే. ఆడపిట్ట వచ్చి, చూసి, సరేనంటేనే మిగతా సగం. పెళ్లిచూపులు కాకముందే కరెంటు మీటరు పెట్టించే మగవాణ్ని ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. సలీం అలీ 1930లో కొంకణ్ తీరాన కిహింలో గిజిగాళ్లను కాపలా కాసి, మగపిట్ట ఒకామెను ఇంట్లో దింపి ఇంకో గూడు మొదలెడుతుందని రాశాడు. మరుసటి ఏడాదే నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు దిగాడు. మట్టి ముద్ద గాలికి గూడు ఊగకుండా బరువు కోసమని ఒక మాటుంది. తాతలకు ఇది చెబితే ఒప్పుకోరు. చెప్పనూ కూడదు, మిణుగురుల కథే బాగుంటుంది.

పిట్టలకూ దురద తెలుసు. మన పిచ్చుకలు గూట్లోకి వేపాకు తెచ్చుకుంటాయని సేన్‌గుప్తా అనే పరిశోధకుడు 1981లోనే రాశాడు. మెక్సికో సిటీ పిచ్చుకలు సిగరెట్ పీకలు పేర్చుకుంటాయి. పీకలు ఎక్కువున్న గూట్లో పురుగు తక్కువని 2012లో లెక్క తేలింది, ఆ విషం పిల్లల రక్తకణాలనూ దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. బీడీకి ఫిల్టరుండదు గనక మన పిట్టలకు ఆ యోగం లేదు. కానీ ఎదురుగా వేపచెట్టున్నా కూలర్ పావురం ఒక్క రెబ్బ తేలేదు. వైరే తెచ్చింది.

ఈ వ్యాసకర్త పుట్టిన పెంకుటింట్లో దూలాల సందుల్లో పిచ్చుకలుండేవి. పంట రాగానే వసారాలో వాటికోసం వరి కంకుల గుత్తి కట్టేవాళ్లు. ఆ గూళ్లలో పేన్లుండవా? ఉండే ఉంటాయి. ఎవరూ గోక్కున్నట్టు గుర్తు లేదు. ఇల్లు పడగొట్టి స్లాబు పోశారు, పిచ్చుకకు దూరే సందు లేకపోయింది. కంకుల గుత్తి ఇప్పుడు షాపులో అలంకరణకు దొరుకుతుంది.

ఆదివారం నాడు మూతికి తువ్వాలు కట్టి, రెట్టను నీళ్లతో నానబెట్టి, గూడు ఎత్తి సంచిలో మూటగట్టడం అయింది. కిటికీకి వల కొట్టించమంటే ఓనరు "ఖర్చు మీదే" అన్నాడు. పావురాల జంట ఆ సాయంత్రమే కింది అంతస్తు సజ్జా మీదికి పుల్లలు మోయడం మొదలెట్టింది. అది ఓనరు గారి పడకగది కిటికీ. ఈ వ్యాసకర్త ఆయనకింకా ఏమీ చెప్పలేదు.