ఆగమన ప్రశ్నకు సటీక తాత్పర్యము

అవతారిక: బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే మన పిల్లలు ఈ మధ్య నన్ను పండితుణ్ణి చేసి కూర్చోబెట్టారు. రాత్రి పదింటికి ఫోను. "బాబాయ్ గారూ, మొదట వచ్చిన తేదీ దగ్గర ఏం రాయమంటారు?" మొదట వచ్చిన తేదీయే రాయవోయ్ అంటే నొచ్చుకుంటారు. అంత తేలిగ్గా ఉండదని వాళ్ల గట్టి నమ్మకం. వాళ్లను అని లాభం లేదు, ఆ పత్రం గొంతే అలాంటిది. ఇంటిపేరు అడిగినా ఉపనిషత్తు చెబుతున్నట్టు ఉంటుంది. దానికో మార్గదర్శిని, మార్గదర్శినికో అనుబంధం, రెండూ చదివిపెట్టి డబ్బు పుచ్చుకునే ఏజెంటు. ఇంతమంది భాష్యకారులున్నచోట నేను మాత్రం ఊరుకోవడమెందుకు? మెతుకుసీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని ఒట్టుపెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. అంతటి నిగ్రహం నాకు లేదని ముందే మనవి.

మూలము (ఆంగ్లమునకు నా సూత్రీకరణము): ఈ రాజ్యమునకు ప్రథమాగమనము ఎన్నడు? ఎచ్చట?

ప్రతిపదార్థము: స్పష్టము. కనుక రాయలేదు.

శంక: ప్రథమాగమనమనగా ఏది? అన్న దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి నెల్లాళ్లుండి పోయినదా? రెండేళ్ల తర్వాత మాస్టర్సుకని సూట్‌కేసులో ఆవకాయ సీసా చుట్టుకుని వచ్చినదా? చదువయ్యాక ఇంటికెళ్లి, పెళ్లి చేసుకుని, వర్క్ వీసాతో జంటగా దిగినదా? కాపురముండటానికి వచ్చిన రాకే రాక, మిగిలినవి చూడటానికొచ్చినవని ఒక సంప్రదాయం. గుమ్మం ఒక్కసారి దాటినా దాటినట్టేనని మరొకటి. నా పక్షం రెండోది. మొట్టమొదటిది రాసి, మిగతావి ఖాళీ దొరికినచోట విన్నవించుకోవాలి. దాచాడన్న మాట మాత్రం రానివ్వకూడదు.

'ఎచ్చట' అన్నదానికి హీత్రూ అని రాసేవాడు ధన్యుడు. పారిస్ నుంచి యూరోస్టార్ ఎక్కినవాడి గతి వేరు. అక్కడ గార్ దు నార్ స్టేషన్‌లోనే బ్రిటిష్ అధికారి పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టేస్తాడు. రైలు కదలకముందే ప్రవేశం అయిపోయింది. దేహం మాత్రం సముద్రం కింది సొరంగంలోంచి వచ్చి తర్వాతెప్పుడో సెయింట్ పాంక్రాస్‌లో దిగుతుంది. పరకాయ ప్రవేశానికి ఇంతకంటే ప్రభుత్వ ధ్రువీకరణ ఏం కావాలి? డబ్లిన్ నుంచి వచ్చినవాడిది తలకిందుల వ్యవహారం. ఐర్లండ్, బ్రిటన్‌ల నడుమ ఉమ్మడి ప్రయాణ ఒప్పందం ఉంది కనుక మామూలుగా ముద్రే పడదు. మనిషి వచ్చాడు, సాక్ష్యం రాలేదు.

ఇక వెళ్లడం. ఈ దేశం విడిచేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎప్పుడు వెళ్లామో తేల్చుకోవడానికి మనకు శంషాబాద్ ముద్రే దిక్కు. అదేమో పాత ముద్ర మీద అడ్డంగా పడి ఉంటుంది. అంకె 3 అవునో 8 అవునో తేలక, పేజీని బల్లదీపం కింద పెట్టి, ఫోన్ టార్చి వెలిగించి, మొగుడూ పెళ్లాం చెరో అంకె మీద పట్టుబట్టి కూర్చుంటారు. చివరికి ఫేస్‌బుక్కే న్యాయం చెబుతుంది. కొత్త జాకెట్టు వేసుకుని, ట్రాలీ పట్టుకుని, వెనకాల కళ్లు తుడుచుకుంటున్న అమ్మతో సహా దిగిన ఫొటో కింద తేదీ ఉంటుంది.

విశేషము: ఈ లెక్కల గోల మనకు కొత్త కాదు. తిక్కన భారతం అందుకున్నదే విరాటపర్వంతో, ఆ పర్వంలోని పెద్ద తగాదా దినసంఖ్య గురించే. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఆపై ఏడాది అజ్ఞాతవాసం. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు బయటపడగానే దుర్యోధనుడికి ప్రాణం లేచివచ్చింది. గడువు తీరకముందే కనబడ్డాడు గనుక మళ్లీ పన్నెండేళ్లు పొమ్మంటాడు. అప్పుడు భీష్ముడు లెక్క విప్పాడు. వ్యాసుడి ప్రకారం, ప్రతి ఐదో ఏట రెండేసి మాసాలు అధికంగా చేరతాయి. పదమూడేళ్లకు ఐదు నెలల పన్నెండు రాత్రులు మిగులు. గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇక్కడ నాకు ఎప్పటినుంచో ఒక ముల్లు. ఐదింటికి రెండు చొప్పున పదమూడింటికి కట్టి చూడండి, ఐదు నెలల ఆరు రోజులే వస్తుంది. తక్కిన ఆరు రాత్రులు పితామహుడు ఎక్కణ్ణుంచి తెచ్చాడు? తిథుల హెచ్చుతగ్గుల్లోనా? మనవల మీది ప్రేమలోనా? ప్రేమ అనుకుందామంటే ఆయన నిలబడ్డది కౌరవుల పక్షాన. పోనీ స్థూలంగా చెప్పాడనుకుందామంటే, స్థూలంగా చెప్పేవాడికి 'పన్నెండు రాత్రులు' అనే పట్టింపు ఎందుకు? ద్రోణుడు పక్కనే ఉన్నాడు, అడగలేదు. కృపుడు అడగలేదు. తప్పులెన్నడమే వృత్తిగా పెట్టుకున్న కర్ణుడూ అడగలేదు. యుద్ధం ముంచుకొచ్చి ఆ రాత్రులు అలాగే లెక్కతేలకుండా ఉండిపోయాయి. ఇవాళ్టి దరఖాస్తులో ఆరు రాత్రులు తేడా వస్తే వేళ్లు కొరుక్కునే మన పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ ఆరూ గుర్తొస్తాయి.

ఎంతసేపని పాండవుల వెంట తిరుగుతాం, పత్రం సంగతి చూద్దాం. ఈ రాజ్యానిదీ ఐదేళ్ల చక్రమే. మామూలు దరఖాస్తుదారు ఆ ఐదేళ్లలో 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు మించి బయట ఉండకూడదు. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు లెక్కలోకి రావు. అంతవరకు ఉదారమే. దరఖాస్తు అందిన తేదీకి సరిగ్గా ఐదేళ్ల కిందట, ఆ రోజున, మనిషి ఇక్కడ ఉండి తీరాలి. 2020 మార్చిలో ఇండియా విమానాలు ఆపేసినప్పుడు తెనాలిలోనో కరీంనగర్‌లోనో చిక్కుబడ్డవాళ్లకు ఈ ఒక్క రోజు ఎంత పని చేసిందో వాళ్లనడగండి. 2022 చట్టం వచ్చాకే అధికారికి ఇందులో కాస్త చూసీచూడనట్టు పోయే వీలు కలిగింది.

కురుసేనను నేను మెచ్చుకునేది ఒక్కందుకు. లెక్క తానే వేసుకుంది. ధర్మరాజుని పిలిచి పాత టికెట్లు పట్టుకురమ్మనలేదు. ఇక్కడ జరిగేది వినండి. తేదీలు గుర్తులేనివాడు ప్రభుత్వానికే అర్జీ పెట్టుకోవచ్చు, నా గురించి మీ దగ్గరున్న ప్రయాణాల వివరం ఇప్పించండని. మనవాళ్ల భాషలో ఎస్‌ఏఆర్ పెట్టడం. రుసుము కూడా లేదు. వాళ్లు పంపుతారు. అది చూసి ఇతడు పత్రం నింపుతాడు. నింపి మళ్లీ వాళ్లకే పంపుతాడు. వాళ్ల కాగితంతో వాళ్లు సరిచూసుకుని, ఇతడు సత్యవంతుడేనని తీర్మానిస్తారు. దీన్ని ఏ శాస్త్రంలో ప్రమాణమంటారో గౌతముడి న్యాయసూత్రాలు తిరగేసినా నాకు దొరకలేదు.

పోనీ నవ్వి ఊరుకుందామంటే, ఇక్కడ నవ్వు ఆగిపోయే చోటొకటి ఉంది. 1950లలో, 60లలో కరేబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ల ల్యాండింగ్ కార్డులు హోం ఆఫీసు దగ్గర ఉండేవి. ఎవరు ఏ తేదీన ఏ రేవులో దిగారో వాటిలో రాసి ఉండేది. 2010లో వాటిని నాశనం చేశారు. ఆ తర్వాత అదే ప్రభుత్వం ఆ ముసలివాళ్లను నిలబెట్టి, మీరు ఎప్పుడొచ్చారో రుజువు చూపించండంది. చూపలేక కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరు వైద్యం పోగొట్టుకున్నారు, కొందరిని దేశం దాటించారు. 2018లో సంగతి బయటపడ్డాక ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. మరుసటేడు ల్యాండింగ్ కార్డులనే తీసేశారు. నివాస కార్డులకు కూడా 2024తో కాలం చెల్లింది, ఇప్పుడంతా ఈ-వీసా. అంటే మన దగ్గర చూపడానికి చీటీ ముక్క లేదు. ఉన్నదంతా అడిగేవాళ్ల దగ్గరే.

తాత్పర్యము: ఓయీ దరఖాస్తుదారుడా, నీవు ఎప్పుడు వచ్చితివో మేమెరుగుదుము. నీవును ఎరుగుదువేమో చూచెదము. నీవు మరచిన అది నీ శీలమునకు మచ్చ. మేము పారవేసిన అది కార్యాలయ నిర్వహణము.

ఫలశ్రుతి: ఈ ప్రశ్నకు తప్పులేక ఉత్తరము వ్రాసినవారికి, బయట గడిపిన దినముల పట్టిక లభించును. ఆ పట్టికలో ప్రతి ప్రయాణమునకు కారణము వ్రాయవలెను. నాన్న పోతే వెళ్లినవాడు ఆ గడిలో ఏం రాయాలని నిన్న రాత్రి అడిగాడు. కుటుంబ కారణము అని రాయమన్నాను. 2025 ఏప్రిల్‌లో రుసుము 1,605 పౌండ్లు అయింది, ప్రమాణోత్సవానికి మరి 130. తిరస్కరించినచో 130 మాత్రము తిరిగి ఇత్తురు.