తక్కెడ లేని తులాభారము

యూరోపు ఆహార భద్రతా సంస్థవారు, ఆహారము చెడకుండ కలిపెడు సల్ఫైటులకు తాము 2016లో విధించిన తాత్కాలిక పరిమితిని 2022 నవంబరు 24న ఉపసంహరించుకొని, వానిని మిక్కిలిగా భుజించువారి విషయమున మాత్రము ఆందోళన కలదని సెలవిచ్చిన వార్తను పాఠకమహాశయులు చదివియే యుందురు. ఆ పరిమితి దేహభారమున కిలోకు దినమునకు 0.7 మిల్లీగ్రాములు, అనగా భోక్త తన బరువెరింగినగాని ముద్ద ముట్టరాదు.

కావున విందుశాలల ముంగిట తులాభారము నెలకొల్పుటయే న్యాయమని నాకు తోచినది. నూరుకిలోల పెద్దమనిషి సిబ్బిలో కూర్చుండెనా, 70 మిల్లీగ్రాములు ఆయన హక్కు. లీటరుకు 200 మిల్లీగ్రాములవరకు అనుమతిగల తెల్ల వైను లీటరులో మూడవవంతు సేవించి మీసము దువ్వుచు లేవవచ్చును. ఇరువదికిలోల బాలునకు దక్కునది 14. సత్యభామ భాండాగారమంతయు తూచజాలని స్వామిని ఒక్క తులసీదళము తూచినదందురు. అట్లే కిలోకు 2,000 మిల్లీగ్రాములవరకు సల్ఫైటు పట్టింపదగిన ఎండు ఆప్రికాట్లలో ఏడుగ్రాముల పండొక్కటి ఈ బాలుని తూచివేయును. బక్కవారు తూకమునకు ముందు చెంబులకొలది నీరు త్రాగుటయు, వధువు నగలతోకూడ తూగెదనని పట్టుబట్టుటయు, మామగారి మిగులును అల్లుడు తన ఖాతాకు కోరుటయు మొదలగు వివాదములు పుట్టక మానవు. వానికొక న్యాయస్థానము, దానికి ప్లీడర్లు, ప్లీడర్లకు మరల విందు!

ఈ వైభవము కనులబడకమునుపే సంస్థవారు తక్కెడనే యెత్తుకొనిపోయిరి. విషప్రభావపరీక్షలు చాలనందున రాళ్లు నమ్మదగినవి కావట. విందు మాత్రము సాగుచునే యున్నది.

తాత్కాలికమని 2016లో అన్నది ఆ కొరతను తీర్చుటకే గదా? ఆరేండ్లకును అది తీరలేదు. అధికభోక్తలలో మూడు మొదలు పదియేండ్ల పిల్లలు క్షేమస్థాయిని 12.5 శాతమువరకు, పెద్దలు 60 శాతమువరకు మించుచుండవచ్చునని తామే అంచనాకట్టిరి. నాడీమండలమునకు హాని కలుగవచ్చునని తామే వ్రాసిరి. సంస్థ సలహాయే చెప్పును, శాసించునది యూరోపు కమిషను అందురా? అట్లైన ఆ కమిషను పలుకువరకు పిల్లల పొట్టలు పరీక్షాశాలలా? నిరపాయతకు ఋజువు చాలనప్పుడు ఆగవలసినది సరుకుగాని హద్దుగాదు! ఉబ్బసరోగులు కొందరు ప్రాణములు గోల్పోయిన పిదపగాని, 1986లో, అమెరికా పచ్చిగా తినెడు పండ్లపై, కూరగాయలపై సల్ఫైటులను నిషేధింపలేదు. వీరును అట్టి లెక్కకొరకే వేచియున్నారు కాబోలు.