లండన్‌లో పిల్లల బండి: చెవిన పెట్టకూడని సలహాలు

లండన్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు ఇల్లు దొరకకముందే సలహాలు దొరుకుతాయి. బస్సుల్లో, ట్యూబ్ రైళ్లలో పిల్లల బండి ఎలా తిప్పాలన్న విషయంలో వినిపించే సలహాలైతే చాలావరకు తప్పు. కొన్ని పిల్లల ప్రాణం మీదికి తెచ్చేవి.

"కొనేదేదో పెద్ద బండే కొను, గట్టిగా ఉంటుంది." పార్కులో తిప్పడానికి గట్టిదే. కానీ ట్యూబ్ స్టేషన్లలో మెట్లు లేని దారి ఉన్నవి దాదాపు మూడో వంతే. మిగతాచోట్ల ఒక చంకన పిల్లను, ఇంకో చేత్తో బండిని పట్టుకుని దిగాలి. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజనీరు 1965లో గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండిని తయారుచేశాడు. దాని బరువు మూడు కిలోల లోపే. బండి నిలబడేంత గట్టిగా, మోసేంత తేలిగ్గా ఉండాలన్న ఆయన ఆలోచన ఈనాటికీ సరైనదే. దుకాణంలో పిల్లను ఎత్తుకునే ఒంటిచేత్తో బండి మడిచి చూడండి. అక్కడ కుదరకపోతే స్టేషన్‌లో అసలు కుదరదు.

"ఎస్కలేటర్ మీద ముందు చక్రాలు కాస్త ఎత్తిపట్టుకుంటే చాలు." ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. రెండు చేతులూ బండి మీదే ఉంటే పక్కనున్న పట్టీని పట్టుకునేదెవరు? ఎవరో అత్యవసర బటన్ నొక్కితే మెట్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. పైకి చేరాక చక్రం అంచుకు తట్టుకుంటే వెనకున్నవాళ్లంతా మీద పడతారు. లిఫ్టులో వెళ్లండి. లేకపోతే పిల్లను ఎత్తుకుని, బండి మడిచి వెళ్లండి. లిఫ్టు దగ్గర జనం ఉన్నారని కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో మెట్లదారి పట్టమనేవాళ్లూ ఉన్నారు. అక్కడివి 193 మెట్లు, అన్నీ మెలికలు తిరిగేవే. లిఫ్టు కోసం ఆగడమే మేలు.

రైలు తలుపులు మూసుకుంటుంటే బండి ముందుకు తోస్తే అవే తెరుచుకుంటాయని ఇంకో మాట. అవి లిఫ్టు తలుపుల్లాంటివి కావు. వెనకాలే ఇంకో రైలు వస్తుంది, ఆగండి.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు "బండెందుకే, చంకనేసుకుంటే పోలా?" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, ఏడాది లోపు పిల్లల విషయంలో నిజమూ ఉంది. మూడేళ్ల పిల్ల దాదాపు పద్నాలుగు కిలోలుంటుంది. బస్సులో పిల్లను ఎత్తుకుని నిలబడ్డప్పుడు డ్రైవర్ బ్రేకు వేస్తే ఇద్దరూ పడతారు. పెద్దవాళ్లకు మెల్లగా నచ్చజెప్పి బండి తీసుకెళ్లండి. హ్యాండిల్‌కు సరుకుల సంచులు మాత్రం తగిలించకండి. పిల్లను దించగానే బండి వెనక్కి తిరగబడుతుంది.

పనిదినాల్లో రద్దీ వేళల్లో, అంటే ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ప్రయాణం పెట్టుకోకండి. ఎలిజబెత్ లైన్ దగ్గర్లో ఉంటే అదే ఎక్కండి. దాని 41 స్టేషన్లలోనూ వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేని దారి ఉంది.

అన్నిటికంటే తప్పుడు సలహా బస్సు గురించి: "ముందు ఎక్కినవాళ్లదే చోటు, నువ్వు కదలకు." లండన్ బస్సు మధ్యలో ఉండే ఆ ఖాళీ వీల్‌చైర్ కోసం ఏర్పాటుచేసింది. ఎవరికీ అవసరం లేనప్పుడే మన బండిది. 2012లో డగ్ పౌలీ అనే ఆయన వెదర్‌బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సు వీల్‌చైర్‌లో ఎక్కబోతే, ఆ చోట పిల్లను నిద్రపుచ్చిన ఒక తల్లి బండి తీయనన్నది. ఆయన ఆ బస్సు ఎక్కలేకపోయాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవర్ ఒక్కసారి అడిగి ఊరుకుంటే సరిపోదని, ఇంకా గట్టిగా ప్రయత్నించాలని 2017 జనవరిలో తీర్పు వచ్చింది. బలవంతంగా దించెయ్యమని మాత్రం కోర్టు చెప్పలేదు. కాబట్టి చివరికి మిగిలేది మన మనసే.

నిద్రపోయే పిల్లను లేపడం ఎంత కష్టమో తల్లులందరికీ తెలుసు. కానీ మనం బండి మడవగలం, పిల్లను ఒళ్లో పెట్టుకోగలం. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి కుర్చీ మడిచి నిలబడలేడు. స్టాపులో వీల్‌చైర్ కనిపించగానే, డ్రైవర్ అడగకముందే పిల్లను ఎత్తుకుని బండి మడిచెయ్యండి.