టిక్కు తీసిన అన్న

మర్రిపాడు, అనంతసాగరం, చేజర్ల బస్సుల్లోంచి పొద్దున్నే ఆత్మకూరులో దిగే జనంలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఆధార్ కార్డు, పాసుపుస్తకం, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉంటాయి. ఏ ఆఫీసుకు పోవాల్సిన కవరైనా ముందు ఆగేది నెట్ సెంటరు దగ్గరే. అక్కడ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో చిల్లర తిప్పుతూ కూర్చున్నాయనే మన అన్న. ఈయనకు పేరక్కర్లేదు. మీ ఊళ్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు.

అన్నకు సేవ్ చేయడమంటే డెస్క్‌టాప్ మీద పడేయడమే. డి డ్రైవులో సంవత్సరానికో ఫోల్డరు, అందులో నెలకో ఫోల్డరు వంటి చాదస్తాలు ఆయన వంశంలోనే లేవు. ఐకాన్లు తెర ఎడమపక్క పైమూల నుంచి దిగుతూ వచ్చి, వరస వెనక వరస కట్టి, కుడి అంచును తాకి చాలా కాలమైంది. ‘న్యూ ఫోల్డర్’ నుంచి ‘న్యూ ఫోల్డర్ 14’ దాకా అన్నీ ఉన్నాయి. ‘పెళ్లికార్డు ఫైనల్’, ‘పెళ్లికార్డు ఫైనల్ ఫైనల్’, ‘పెళ్లికార్డు ఇదే కరెక్టు’ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అచ్చయింది మాత్రం మొదటిది. ‘రమణయ్య ఆధార్’ పక్కనే ‘రమణయ్య ఆధార్ కొత్తది’, దాని పక్కన ‘వేరే రమణయ్య’. అన్నిటికీ వెనక సోమశిల డ్యామ్ గేట్లెత్తిన ఫొటో ఉందని అన్న చెబితే నమ్మాలి. ఐకాన్ల సందుల్లో అక్కడక్కడా కాస్త నీళ్లు కనబడేవి, అంతే.

సంక్రాంతికి బెంగుళూరు నుంచి మేనల్లుడు వచ్చాడు. సాఫ్ట్‌వేరు. తెర చూసి నోరు నొక్కుకున్నాడు.

“ఏంది మావా ఇది, సంత మాదిరుండాది!”

అన్న ఏదో చెప్పబోయేలోపే తెర మీద రైట్ క్లిక్ కొట్టాడు, ‘వ్యూ’లోకి పోయాడు, ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ పక్కనున్న టిక్కు తీసేశాడు. మొత్తం మాయం! సోమశిల గేట్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి.

“రేయ్! నా బతుకంతా ఆడుండాది రా!”

“ఏం పోలా మావా. దాచినానంతే.”

ఆ ‘అంతే’తో అన్న జన్మ మారిపోయింది. వచ్చినవాడికల్లా మానిటర్ తిప్పి చూపించడం మొదలుపెట్టాడు. “చూడబ్బా, ఎట్టుండాదో! మనిషికి క్లీన్‌నెస్ ఉండాల.” పక్క జెరాక్స్ షాపాయనకు టిక్కు తీసి పెట్టాడు. స్కూలు ఆఫీసుకు పోయి ఉచితంగా తీసి వచ్చాడు. మర్నాడు అక్కడి క్లర్కు మార్కుల ఫైలు పోయిందని ఏడుపు మొహంతో వస్తే, మళ్లీ టిక్కు పెట్టి ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

తెర నిండా పరిచే ఈ రోగం ఒక్క ఆత్మకూరుదే అనుకుంటే పొరపాటు. ఆఫీసు బల్లను బొమ్మలతో సహా తెర మీదికి ఎక్కించి జిరాక్స్ కంపెనీ ‘స్టార్’ అనే కంప్యూటరును అమ్మకానికి పెట్టింది 1981లో. బల్ల వచ్చాక బల్ల మీద చెత్త రాకుండా ఉంటుందా? 2001లో విండోస్ ఎక్స్‌పీ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్లు అందులో ఒక పనిమనిషినే పెట్టారు. అరవై రోజులకోసారి తలుపు తట్టి, వాడని షార్ట్‌కట్‌లను ఒక ఫోల్డర్లోకి నెట్టేయమంటారా అని అడిగేది. అన్న దగ్గర కూడా అప్పట్లో ఎక్స్‌పీయే. అడిగినప్పుడల్లా ఇంటూ గుర్తు కొట్టి పంపించేశాడు.

ఇప్పుడు టిక్కు తీశాక అన్న పని ఎలా సాగుతోందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. ఒక పెద్దాయన వచ్చాడు.

“అబ్బయ్యా, మొన్న తీసిచ్చిన పొలం వన్ బీ ఇంకో కాపీ కావాల.”

“ఉండు పెద్దాయనా.”

అన్న అటూ ఇటూ చూశాడు. మానిటర్‌ను గోడవైపు తిప్పాడు. రైట్ క్లిక్, వ్యూ, టిక్కు. బిలబిలమంటూ ఐకాన్లన్నీ వచ్చి పడ్డాయి. వెతికాడు, ప్రింటు కొట్టాడు, మళ్లీ రైట్ క్లిక్, వ్యూ, టిక్కు తీసి, మానిటర్ ఇటు తిప్పి, నుదుట చెమట తుడుచుకున్నాడు.

“అంత శుభ్రంగా పెట్టుకోని, అంతసేపు యాడ ఎతికినావు అబ్బయ్యా?” అన్నాడు పెద్దాయన.

నిలదీస్తే అన్న దగ్గర ఇంకో జవాబుంది. “ఒకరి ఆధారు ఇంకొకరి కంట పడగూడదు గదా నా, అందుకే దాచినా.” మాట సబబే. కానీ ఈ-ఆధార్ ఫైలుకు తాళం ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. పేరు అన్నే ఫైలు మీద రాసి పెట్టాడు. ఇక సంవత్సరం అంటారా, ఊళ్లో ఎవరిదెవరికి తెలియదు? 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగుళూరు ఆఫీసు, నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించుకుంటే కాపీలన్నీ శాశ్వతంగా చెరిపేయండి అని ఒక ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకుంటారేమోనని ఢిల్లీ వాళ్లు రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంటే పైవాళ్లకూ టిక్కు తీయడం వచ్చన్నమాట.

చివరికి ఒకనాడు కంప్యూటరు మొరాయించింది. మెకానిక్ కుర్రాడు వచ్చి చూసి, విండోస్ మళ్లీ ఎక్కించాలన్నాడు. డెస్క్‌టాప్ మీదవన్నీ నిజంగా ఉండేది సి డ్రైవులోనే కాబట్టి, పద్ధతిగా అడిగాడు కూడా.

“నా, డెస్క్‌టాప్ మీద ఏమన్నా ఉండాయా? ఫార్మాట్ కొడితే పోతాయి.”

అన్న తెర వైపు చూశాడు. నిగనిగలాడే సోమశిల. గేట్లు, నీళ్లు, ఆకాశం.

“ఏముండాయిరా, చూస్తా ఉండావు గదా. ఏం లే, కొట్టు!”

కొట్టాడు. రమణయ్య, కొత్త రమణయ్య, వేరే రమణయ్య, మూడు ఫైనళ్ల పెళ్లికార్డు, పద్నాలుగు న్యూ ఫోల్డర్లు ఒక్క దెబ్బకు పోయాయి. ఇన్నాళ్లూ ఊరిని నమ్మించిన అన్న, ఆఖరికి తనూ నమ్మేశాడు. వారం రోజులు అన్నం సయించలేదట. ఆ పల్లెల ఆధార్ కార్డులకు మాత్రం ఆ వారమే కాస్త భద్రత దొరికింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఫార్మాట్ దాకా ఆగకండి. ఈసారి అన్న దగ్గరికి పోయినప్పుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీయమనండి. ప్రింటు చేతికొచ్చాక వెంటనే లేవకండి. “నా, ఆ ఫైలు డిలీట్ కొట్టు, రీసైకిల్ బిన్‌లో కూడా తీసెయ్” అని, ఆయన తీసేదాకా ఎదురుగా కూర్చోండి. విసుక్కుంటే విసుక్కోనీయండి. కార్డు మీది, ప్రింటుకు డబ్బులిచ్చింది కూడా మీరే.