కొట్టేసిన ‘వెరీ’

గుడివాడ నుంచి వచ్చి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా చేరింది 1972లో. మొదటి వారంలోనే నా నోటులో ‘వెరీ ఎసెన్షియల్’ అని రాశాను. మా సెక్షను ఆఫీసరు తమిళాయన. ‘వెరీ’ని నీలం సిరాతో అడ్డంగా కొట్టేసి ఫైలు నా బల్ల మీదకు తోశాడు. ఎసెన్షియల్ అంటేనే అది లేనిదే పని జరగదని, ఇంకా వెరీ ఎందుకని అడిగాడు. ఆకుపచ్చ సిరా పెద్ద అధికారుల సొత్తు, ఈయనది ఉత్త నీలమే. ఆ నీలం గీతకే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నిండు మాటకు ఇంకో ‘చాలా’ అక్కర్లేదన్న సంగతి మన పల్లెటూళ్ళలో బడికెళ్ళనివాళ్ళకూ తెలుసు. చీకటికి చిమ్మ, ఎండకు మండు, అబద్ధానికి పచ్చి, ముసలికి పండు. ‘చాలా చిమ్మచీకటి’ అని ఎవరైనా అంటారా? ఇంగ్లిషులోనూ అంతే. వేడిలో ఎక్కువ తక్కువలున్నాయి కాబట్టి ‘వెరీ హాట్’ చెల్లుతుంది. ఖాళీ ట్యాంకులో అవి లేవు. మరీ నొక్కి చెప్పాలంటే ‘కంప్లీట్లీ ఎంప్టీ’ ఉంది, ‘వెరీ’ పనికిరాదు. ‘ఆల్మోస్ట్ యునీక్’ అనొచ్చు గానీ ‘వెరీ యునీక్’ కూడదని ఫౌలర్ ఇంగ్లిషు వాడుక మీద రాసిన పుస్తకంలో 1926లోనే తేల్చాడు. దరియాగంజ్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఆ పుస్తకం అట్ట ఊడినా ఇంకా నా దగ్గరే ఉంది. 

ఇప్పుడు నోయిడాలో కొడుకు ఫ్లాటులో ఉంటున్నా. మొన్న మనవడు ఉద్యోగానికి దరఖాస్తు చూపించాడు. ‘సూపర్ ఎక్సైటెడ్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ ప్యాషనేట్’, చివర్లో ‘వెరీ ఎక్సలెంట్’ అవకాశం!

“ఒరే, ఇంతలా ఊగిపోతుంటే ఉద్యోగమిస్తారా, డాక్టరు దగ్గరికి పంపిస్తారా?”

“ఇలా రాయకపోతే ఆసక్తి లేదనుకుంటారు తాతయ్యా.”

వాడితో ఆంధ్రా భవన్ క్యాంటీనుకి వెళ్తే పప్పూ గోంగూరా కలిపి తిని ‘ఫుడ్ ఈజ్ టూ గుడ్’ అని ఫోనులో రాసి పడేశాడు. టూ అంటే మితిమీరిందని. టీ ‘టూ హాట్’ అయితే నోరు కాలి తాగలేం. పప్పు మితిమీరి బాగుంటే విస్తరి ముందు నుంచి లేవాలి మరి. వీడు మూడోసారి వడ్డించుకున్నాడు. నోటిమాటకు ఎవరూ జరిమానా వెయ్యరు, నాకూ తెలుసు. నా పోరంతా రాతతోనే.

పోయిన వారం మా లిఫ్టులో నోటీసు అంటించారు: మెయింటెనెన్స్ బకాయిలు కట్టడం ‘వెరీ కంపల్సరీ’ అట. జేబులోంచి పెన్సిలు తీసి ‘వెరీ’ కొట్టేశాను. పైకొచ్చి కాఫీ తాగాను, చేతులు కాస్త వణుకుతున్నా హాయిగా ఉంది. మర్నాడు పొద్దున చూస్తే నా గీత పక్కనే ఎవరో పెన్నుతో ‘వెరీ వెరీ’ అని రాసిపెట్టారు.