మగవారి సెంటు పంచాంగం

మగవారి సుగంధాల శాస్త్రం ప్రకారం ఏడాదికి కాలాలు నాలుగు, కాబట్టి మగవాడికి సీసాలు కనీసం నాలుగు. వసంతానికి పచ్చి ఆకు, లేత పూల వాసనలు. వేసవికి నిమ్మజాతి, సముద్రగాలి వాసనలు. ఆకు రాలే కాలానికి చెక్క, మసాలా దినుసుల ఘాటు. చలికాలానికి వెనీలా, అంబర్, ఊద్. ఈ నియమం తప్పి జూలైలో ఊద్ కొట్టుకుని బయటికి వెళ్లినవాడికి సరిగ్గా ఏ నష్టం జరుగుతుందో శాస్త్రకారులు విడమరిచి చెప్పరు. చెప్పే స్వరాన్నిబట్టి చూస్తే మాత్రం గ్రహణం విడవకముందే భోజనానికి కూర్చున్నంత దోషం ఉన్నట్టు తోస్తుంది.

శాస్త్రానికి పునాదిగా ఒక నిజం లేకపోలేదు. సెంటులో అధికభాగం ఆల్కహాలే. అందులో కలిసే సుగంధ తైలాల పాలు కొలోన్‌లో 2 నుంచి 4 శాతం, ఓ ద త్వాలెత్‌లో 5 నుంచి 15, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 వరకు ఉంటుంది. నిమ్మ, నారింజ వంటి తేలిక వాసనలు ముందు ఎగిరిపోతాయి, పూలవి ఆ తరువాత. చెక్కలూ బంకలూ చివరిదాకా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వేడి పెరిగితే ఈ ఎగరడం వేగమవుతుంది. అందుకే చలిలో దగ్గరికి వస్తే తప్ప తెలియని ఘాటు సెంటు, ఎండలో లిఫ్టు మొత్తాన్ని ఆక్రమిస్తుంది. దీనికి విరుగుడు నాలుగు నొక్కులు నొక్కేచోట ఒకటి నొక్కడం. పైసా ఖర్చు లేని ఈ సలహాకు సుగంధ వ్యాపారంలో సహజంగానే చోటు దొరకలేదు. సీసా మార్చమన్న సలహా ఒక్కటే నిలబడింది.

పైగా పంచాంగం పుట్టిన ఊరి వాతావరణం వేరు. పారిస్‌లో జూలై నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు. విశాఖపట్నంలో జనవరి మధ్యాహ్నం 28 దాకా వెళుతుంది. అంటే సంక్రాంతి నాడు బీచ్ రోడ్డు మీద నడుస్తున్న మగవాడు పారిస్ లెక్కన నడివేసవిని దాటిపోయాడన్నమాట. సూత్రాన్ని నిక్కచ్చిగా పాటిస్తే జన్మలో చలికాలపు సీసా మూత తీసే అవకాశమే అతనికి రాదు. ఇక రెంటచింతలకో రామగుండానికో మే నెలలో తగిన సీసా ఆ పంచాంగంలో అసలు లేదు. 45 డిగ్రీల వడగాలిని దృష్టిలో పెట్టుకుని ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో ఎవరూ సెంటు కలపలేదు. ఈ పంచాంగాన్ని తెలుగులో వినిపించే వీడియో సిద్ధాంతులకు ఇంత తేడా చిన్న విషయం. డిసెంబరు రాగానే 'వింటర్ బీస్ట్ మోడ్' సెంట్ల జాబితా చదువుతారు, నెత్తిమీద ఫ్యాను తిరుగుతూ ఉండగా.

కాలాలను వరసగా చూస్తే ముందు వసంతం. పంచాంగం చెప్పే వసంతం మంచు కరిగాక వచ్చేది. ఇక్కడిది మామిడి పూత పిందె కట్టాక, వేపపూత రాలుతుండగా, మల్లెలు మూరల లెక్కన బజారుకు దిగేటప్పుడు వచ్చేది. ఉగాది నాటికే ఎండ మాడు పగలగొడుతూ ఉంటుంది. అయినా వసంతానికి సుగంధాలు సమకూర్చుకోవడం తెలుగు మగవాళ్లు పారిస్ దగ్గర నేర్చుకున్న విద్య కాదు. 1386 నుంచి 1402 వరకు కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరాన్ని ధారాళంగా చల్లించి కర్పూర వసంతరాయలని బిరుదు పొందాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. సముద్రాల మీదుగా సరుకు తెప్పించిన ఆ వర్తకుడికే శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. సెంటు సరఫరాదారుకు ఏకంగా ఒక కావ్యం దక్కిన రోజులవి. నేటి కంపెనీలు పది నిమిషాల సమీక్ష వీడియోతో సరిపెట్టుకుంటున్నాయి. కొనేవాడిలోనూ తేడా ఉంది. రాజు వసంతపు సరుకును జనం మీద చల్లి అయిపోగొట్టాడే తప్ప, వచ్చే ఏడాదికి పనికొస్తుందని అర సీసా బీరువాలో దాచుకోలేదు.

వేసవికి శాస్త్రం చూపించేది సముద్రం. 1966లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు మందుల పరిశోధనలో ఉండగా కాలోన్ అనే పదార్థం చేతికొచ్చింది. పుచ్చకాయా ఉప్పుగాలీ కలగలిసిన దాని వాసన చాలా ఏళ్ల తరువాత మగవారి సెంట్లలోకి వచ్చింది. 1996 నాటి ఆర్మానీ 'ఆక్వా ది జియో' విజయంతో, మగవాడి వేసవి అంటే సముద్రమేనని లోకం తీర్మానించుకుంది. బాపట్ల నుంచి భీమిలి దాకా సముద్రాన్ని రోజూ చూసేవారికి దాని వాసన ఎండుచేపలది, తడి వలలది, మరపడవల డీజిలుది. ఆ వాసన సీసాలో పోసి అమ్మితే కొనే నాథుడు ఉండడు. తీరంలో ఉన్నవాడు కూడా సముద్రం వాసన కోసం వేలు పోసి పుచ్చకాయ వాసన కొనుక్కోవలసిందే.

నిమ్మజాతి సెంట్ల కథ ఇంకా ముచ్చటైనది. వేడికి ముందుగా ఎగిరిపోయేవి నిమ్మ వాసనలేనని శాస్త్రమే చెప్పింది. వేడికాలంలో వాటినే వాడమని చెప్పేదీ శాస్త్రమే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిదింటికి కొట్టుకున్న నిమ్మ సెంటు బస్టాపు దాటదు. అందుకు పరిష్కారంగా జేబులో పట్టే చిన్న సీసా ఒకటి విడిగా అమ్ముతారు. చెమట సంగతి శాస్త్రం ఎత్తదు. చంకల్లోని చెమట మీద బాక్టీరియా చేసే పనిని సెంటు ఆపలేదు. పాత వాసన మీద కొత్తది పడితే రెండూ కలిసి మూడోది పుడుతుంది, దానికి ఏ కంపెనీ పేరు పెట్టలేదు. ఇక ఈ వేసవి సీసాలకు ఆయువుపట్టయిన బెర్గమోట్ కాయ, ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో కోతకొచ్చేది నవంబరు తరువాత, నిండు చలిలో.

తరువాత రావలసింది వానాకాలం. పంచాంగంలో అది లేదు. తెలుగు రైతు ఏడాదంతా ఎదురుచూసే కాలానికి సీసా కేటాయించడం మరచిపోయారు. ఈ లోటు కనిపెట్టిన దేశవాళీ వ్యాపారులు వేసవిలో మిగిలిన సరుకుకే 'మాన్సూన్ కలెక్షన్' అని చీటీ అంటించి నెట్టుకొస్తున్నారు. వానను నిజంగా సీసాలో పట్టినవారు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివారు. అక్కడ మట్టిని బిళ్లలుగా చేసి కాల్చి, డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో పాటు వేసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద పిడకలో కట్టెలో పెట్టి మండిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లతొట్టిలో చల్లబడుతున్న భప్కా అనే పాత్రలోకి దిగి, అందులో ముందే పోసి ఉంచిన గంధం నూనెలో ఇంకుతుంది. మంట హెచ్చకుండా తగ్గకుండా చూసేవాడి దగ్గర థర్మామీటరు ఉండదు, చేతి స్పర్శే లెక్క. తొలకరి మట్టివాసన మీద ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో కన్నౌజ్ ప్రాంతపు ఈ అత్తరు ప్రస్తావన కూడా ఉంది. అన్నట్టు, మిట్టీ అనే ఈ అత్తరును వానాకాలంలో ఎవరూ పెద్దగా వాడరు. వాన కోసం మొహం వాచిన నడివేసవిలో వాడతారు. ఏ కాలంలో ఆ కాలపు వాసనే పూసుకోవాలన్న సూత్రం దాని తయారీదారులకు తెలియదు పాపం.

ఆకు రాలే కాలం గురించి ఎక్కువ చెప్పేందుకు ఏమీ లేదు. పంచాంగంలో అది అక్టోబరు. తెలుగు నేల మీద అక్టోబరులో వరి పచ్చగా ఉంటుంది, తీరానికి తుపాను వస్తుంది. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అప్పటికి దుకాణాల్లో పూల సెంట్లు వచ్చేసి ఉంటాయి.

చలికాలం శాస్త్రానికి పరాకాష్ఠ. బరువైన వాసనలన్నీ ఈ కాలానికే. ఆ బరువైన వాసనలు ఎక్కడివని ఆరా తీస్తే వెనీలా మడగాస్కర్‌ది, పచౌలీ ఇండోనేషియాది, దాల్చినచెక్క శ్రీలంకది. ఊద్ నిచ్చే అగరు చెట్టు అస్సాం నుంచి ఇండోనేషియా దాకా ఉక్కపోత అడవుల్లో పెరిగి, బూజు సోకినప్పుడు తన కాండంలోనే నల్లటి బంక ఊరించుకుంటుంది. వీటిలో దేనికీ మంచు అంటే ఏమిటో తెలియదు. చలిలో కోసిన కాయ వేసవి సీసాలోకీ, ఉక్కలో పెరిగిన చెట్టు చలి సీసాలోకీ చేరడమే ఋతుధర్మం అయింది. దాల్చినచెక్క, లవంగం, యాలకులు కలిసిన చలి సెంటు వేసుకుని హైదరాబాదులో మీటింగుకు వెళ్లినవాడి పక్కన కూర్చున్నవారికి అతని గాంభీర్యం గుర్తుకు రాదు, బిర్యానీ గుర్తుకొస్తుంది.

ఈ శాస్త్రం పూర్తిగా చేతులెత్తేసేది గల్ఫ్‌లో. జూలైలో 45 డిగ్రీలు దాటే ఆ దేశాల్లో మగవాళ్లు ఊద్, అంబర్, కస్తూరి పన్నెండు నెలలూ పూసుకుంటారు. అతిథి వస్తే బఖూర్ అనే సుగంధ ధూపం పొగ పట్టిస్తారు. ఊద్ వేడికి పనికిరాదన్న సంగతి ఊద్‌కు అతిపెద్ద కొనుగోలుదారులైన వారికి ఎవరూ చేరవేయలేదు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవారు సెలవులకు వస్తూ తెచ్చే సెంటు సీసాలు ఈ రకానివే. అవి ఊళ్లో ఏప్రిల్ పెళ్లిలోనూ ఆషాఢం బోనాల్లోనూ సమానంగా గుప్పుమంటాయి. ఇంతవరకు ఋతుదోషం వల్ల ఏ పెళ్లీ ఆగలేదు.

ఇంతకూ పట్నపు ఉద్యోగికి ఋతువు ఎక్కడుందన్నది వేరే ప్రశ్న. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో చైత్రమైనా పుష్యమైనా అంతే. ఆ ఉద్యోగి వేసవి సీసా వేసుకునేది ఇంటి గుమ్మం నుంచి కారు దాకా ఉన్న ఎండ కోసం. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడికి నాలుగు కాలాలూ లక్షణంగా ఉన్నాయి, కానీ అక్కడ చలికాలంలో బయట ఉన్నంతసేపూ సెంటు మందపాటి కోటు కిందే ఉంటుంది, లోపలికి రాగానే హీటరు ఉంటుంది. చర్మం వేడి ఎక్కడైనా 33 డిగ్రీల చుట్టుపక్కలే. పూసుకున్న మనిషి ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటుపడి దాన్ని గుర్తించడమే మానేస్తుంది. ఇక మిగిలేది పక్కవారి మెచ్చుకోలు. శాస్త్రంలో సీసా విలువ కొలిచేది కూడా దానితోనే, ఎన్ని 'కాంప్లిమెంట్లు' వచ్చాయని.

వాదనలో ఓడుతున్నప్పుడు శాస్త్రకారులు ఆయుర్వేదాన్ని పిలుస్తారు. చరక సంహితలోని ఋతుచర్య హేమంతంలో ఒంటికి చిక్కటి అగరు లేపనాన్ని, గ్రీష్మంలో చందనాన్ని చెప్పిన మాట నిజమే. అది చలికి ఒళ్లు వెచ్చబడడానికీ ఎండకు చల్లబడడానికీ; పక్క సీటువారు తల తిప్పి చూడడానికి కాదు. పైగా అక్కడ ఋతువులు ఆరు. కార్తెలైతే ఇరవై ఏడు. ఈ సంగతి కంపెనీల చెవిన పడకుండా చూడడం కొనేవాళ్లకే మంచిది.

చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లోనూ కాలాన్నిబట్టి సరుకు ఉంటుంది. ఎండల్లో అడిగితే వట్టివేరు అత్తరైన ఖస్, మిట్టీ, మల్లె ముందుకొస్తాయి. చలిలో హీనా, షమామా. దుకాణదారు గాజుపుల్లతో ముంజేతి వెనక ఒక గీత గీసి, వెంటనే వాసన చూడబోతే వారించి కాసేపు ఆగమంటాడు. మే నెలలో ఊద్ అడిగినవాడికి పాఠం చెప్పడు, ఊద్ తీసి ఇస్తాడు. అమ్మే కొలత సాధారణంగా మూడు మిల్లీలీటర్ల బుడ్డి. చెవి మడతలో ఒక దూది ఉండకు సరిపడా చుక్కలతో రోజు గడిచిపోతుంది. అక్కడ కాలం మారితే మారేది ఆ బుడ్డి.

పంచాంగపు సీసా 100 మిల్లీలీటర్లది. ఒక నొక్కుకు 0.1 మిల్లీలీటరు చొప్పున వెయ్యి నొక్కులు. రోజుకు నాలుగు నొక్కుల మగవాడికి ఒక్క సీసా 250 రోజులు వస్తుంది. నాలుగు కాలాలకు నాలుగైతే రెండేళ్ల తొమ్మిది నెలలు. ప్రతి కాలానికీ ఆఫీసుకొకటి, సాయంత్రానికొకటి, పెళ్లిళ్లకొకటి అని శాస్త్రం విస్తరించాక పన్నెండు సీసాలు, ఎనిమిదేళ్ల పైచిలుకు. తెరిచాక 36 నెలల్లో వాడమని కొన్ని పెట్టెల మీద గుర్తు ఉంటుంది. వెలుతురుకూ వేడికీ దూరంగా ఉంచాలని కూడా చెబుతారు. మే నెలలో తెలుగువారి ఇంట్లో అలాంటి చోటు ఫ్రిజ్ ఒక్కటే కాబట్టి, వేసవి సీసాలు దోసెల పిండి గిన్నె పక్కన సర్దుకుంటాయి. బీరువా మీద మిగిలిపోయిన చలికాలపు సీసాలు రంగు మారడం మొదలయ్యాక బావమరిది పుట్టినరోజుకు బహుమతిగా వెళతాయి, ఏ నెలలో వాడాలో పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాక.