ప్లగులు మార్చి చూడు, పైలటయ్య
(సటీకా తాత్పర్యం)

అవతారిక

ఒకే క్రాంకుకు రెండు సిలిండర్లు చెరో వైపుకు తలపెట్టి పడుకుని ఉండే మోడల్ విమానపు పెట్రోలు ఇంజనును చేత్తో స్టార్టు చేసే విధానమూ, అది ఒంటి సిలిండరుతో ఈడుస్తున్నప్పుడు జరపవలసిన విచారణా ఈ పద్యానికి విషయం. ఇంజను ఆడటం ప్రయోజనం. ఇక అధికారి ఎవరు? చేతికి తోలు గ్లవుజు తొడుక్కుని, వేళ్లు పదీ ఉండి, అవి అలాగే ఉండాలని కోరుకునేవాడు. 100 సీసీల జంట ఇంజనుకు బిగించే ప్రొపెల్లరు 26 నుంచి 28 అంగుళాలుంటుంది. దాని ముందు నిలబడ్డవాడికి వేదాంతం తెలియకపోయినా ఫర్వాలేదు గాని, స్విచ్చి ఎక్కడుందో తెలియాలి.

మూలకర్తా మేమే, టీకాకర్తా మేమే. తన గ్రంథానికి తానే టీక రాసుకోవడాన్ని పెద్దలు స్వోపజ్ఞమని గౌరవంగానే పిలిచారు గనుక పాఠకులు ఆక్షేపించరాదు.

మూలం (ఆటవెలది)

చోకు మూసి తిప్పు చుక్క దిగెడిదాక
నోట దగ్గు వినిన నోరు దెరువు
జంటలోన నొకటి చల్లగా నున్నచో
ప్లగులు మార్చి చూడు పైలటయ్య

ప్రతిపదార్థం

పైలటయ్య = ఓ పైలటయ్యా (విమానమూ తామూ ఇద్దరూ నేలమీదే ఉన్నప్పటికీ ఈ సంబోధన చెల్లును); చోకు = కార్బ్యురేటరు నోటికి అడ్డముండు పలుచని రేకును; మూసి = పూర్తిగా మూసి; చుక్క = ఆయిలు కలిపిన పెట్రోలు; దిగెడిదాక = ట్యాంకు నుండి గొట్టము వెంట వచ్చి కార్బ్యురేటరులో దిగువరకు; తిప్పు = ప్రొపెల్లరును చేత్తో తిప్పుము; నోట = ఇంజను నోట; దగ్గు = ఒక్క పేలుడును; వినిన = విన్నంతనే; నోరు = ఆ మూసిన చోకును; తెరువు = తెరువుము; జంటలోన = రెండు సిలిండర్లలో; ఒకటి = ఏదైనా ఒకటి; చల్లగానున్నచో = తోటిది కాలుచుండగా తాను కాలకున్నచో; ప్లగులు = స్పార్కు ప్లగులను; మార్చి = కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించి; చూడు = మరల నడిపి పరీక్షించుము.

వ్యాఖ్య

చోకు మూసి తిప్పు: తిప్పితే పెట్రోలు ఎందుకు వస్తుంది? పిస్టన్లు లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా క్రాంకుకేసులో ఒత్తిడి పెరిగి తగ్గుతుంది. ఆ అలకు కార్బ్యురేటరులోని డయాఫ్రం అనే పలుచని పొర ఊగి, పంపులా ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. చోకు మూసి ఉంటే గాలికి దారి లేదు గనుక లాగుడంతా పెట్రోలు మీదే పడుతుంది. గొట్టం పారదర్శకమైతే ఎర్రటి పెట్రోలు పాకుతూ రావడం కంటికే కనిపిస్తుంది. ఆ పెట్రోలులో ఎంత టూ-స్ట్రోక్ ఆయిలు కలపాలన్నది తయారీదారు చెప్పినట్టే: 30 పాళ్లకు ఒకటనేవారున్నారు, 50 పాళ్లకు ఒకటనేవారూ ఉన్నారు.

ఇగ్నిషన్ స్విచ్చి ఎప్పుడు వేయాలో మూలంలో లేదు. ఆటవెలదిలో చోటు చాలలేదు. మొదటి పాదమంతా స్విచ్చి కట్టేసి, రెండో పాదానికి ముందు ‘స్విచ్చి వేసి’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఛందస్సు కోసం వేళ్లు పోగొట్టుకోకూడదు. ప్రొపెల్లరు హబ్బులో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది సెన్సారు ముందు నుంచి పోయినప్పుడల్లా స్పార్కు పడుతుంది. స్విచ్చి వేసి ఉంటే, నువ్వు ప్రొపెల్లరును ఊరికే సర్దుతున్నావా స్టార్టు చేస్తున్నావా అన్న భేదం సెన్సారుకు తెలియదు. స్విచ్చి కట్టేసి ఉన్నా వేసినట్టే భావించాలన్నది సంప్రదాయం. వెనక ఒకరు తోకను గట్టిగా పట్టుకునే ఉండాలి.

ఇక్కడ గ్లో ఇంజను సంప్రదాయం వారు ‘వేలు మూసి తిప్పు’ అని పాఠాంతరం చెబుతారు. వారిది మిథనాలు, ఆముదం, కాస్త నైట్రోమీథేను కలిపిన ఇంధనం. వారికి స్పార్కు లేదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ బజారుకు తెచ్చిన గ్లో ప్లగులో సన్నని ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో మొదట దాన్ని ఎర్రగా కాలిస్తే చాలు, తర్వాత మిథనాలు ఆవిరే ప్లాటినం తగిలి దాన్ని కాలుస్తూ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా ఇంజను ఆగదు. ఆ చిన్న ఇంజన్లలో చాలావాటికి చోకు రేకు ఉండదు గనుక కార్బ్యురేటరు నోటికి వేలు అడ్డం పెడతారు. ఆచారం మంచిదే. కాని ‘వేలు’కు ‘చుక్క’తో యతి చెడుతుంది. పాఠం త్యాజ్యం.

నోట దగ్గు వినిన: స్విచ్చి వేసి, థ్రాటిల్ కాస్త తెరిచి తిప్పుతుంటే ఇంజను ఒక్కసారి టప్పుమని ఆగిపోతుంది. కొత్తవాడు ఇది వైఫల్యమనుకుంటాడు. కాదు, పెట్రోలు చేరింది, స్పార్కు పడింది, రెండూ కలిశాయి అని ఇంజను ఇచ్చే కబురు అది. వెంటనే చోకు తెరిచి మళ్లీ తిప్పితే పట్టుకుంటుంది. ‘ఇంకొక్క దగ్గు విని తెరుద్దాం’ అనే పక్షం ఒకటుంది. ఆ పక్షం వారి ప్లగులు ఎప్పుడు తీసినా తడిగానే ఉంటాయి. పెట్రోలు ముంచేసిన ఇంజనుకు విరుగుడు స్విచ్చి కట్టేయడం, రెండు ప్లగులూ తీసి తుడవడం, చోకూ థ్రాటిలూ బార్లా తెరిచి ప్రొపెల్లరును పలుమార్లు తిప్పి లోపలి తడిని బయటికి కక్కించడం. ప్రొపెల్లరు బిగుసుకుపోయి తిరగనంటే బలం చూపకూడదు. పిస్టను మీద నిలిచిన ద్రవం అణగదు. వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టి తిప్పేవారికి ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి.

జంటలోన నొకటి చల్లగా నున్నచో: ఈ పాదం కోసమే పద్యమంతా. చల్లదనం చూడమన్నాడేమి, శబ్దం వినమనలేదేమి అని శంక. సమాధానం: ఇక్కడ శబ్దప్రమాణం చెల్లదు. టూ-స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు గాలి మిశ్రమాన్ని క్రాంకుకేసే నొక్కి పైకి పంపాలి. జంట ఇంజనుకు క్రాంకుకేసు ఒక్కటే. ఒక పిస్టను లోపలికి వస్తుంటే రెండోది బయటికి పోతే నొక్కుడనేదే ఉండదు. అందుకని రెండూ ఒకేసారి లోపలికొస్తాయి, ఒకేసారి బయటికి పోతాయి, రెండు సిలిండర్లూ ఒకేసారి పేలుతాయి. చుట్టుకు రెండు పేలుళ్లు జరిగినా చెవికి వినబడేది ఒక్కటే. కనుక ఒక సిలిండరు మానేసినా చుట్టుకు ఒక చప్పుడు అలాగే ఉంటుంది, లయ తప్పదు. జోరు తగ్గుతుంది, విమానం వణుకుతుంది. చెవి మాత్రం అంతా బాగానే ఉందంటుంది. నాలుగు స్ట్రోకుల జంట ఇంజన్ల సంగతి వేరు. జపాన్‌లోని ఓ.ఎస్. వారి జెమిని వంటి వాటిలో రెండు సిలిండర్లూ వంతులవారీగా పేలుతాయి గనుక ఒకటి మానేస్తే సగం చప్పుళ్లు పోయి కుంటినడక వినిపిస్తుంది. అక్కడ చెవిని నమ్మవచ్చు.

కనుక మన ఇంజనుకు స్పర్శే ప్రమాణం. కాసేపు నడిపి, ఆపి, స్విచ్చి కట్టేసి, రెండు సిలిండర్ల మీదా చెరో నీటిచుక్క వేస్తే ఏది సుయ్యిమంటుందో, ఏది ఊరుకుంటుందో తేలిపోతుంది. దూరం నుంచే వేడి చూపే థర్మామీటరున్నవారు దాన్ని వాడవచ్చు. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టింది మాత్రం పనికిరాదు, దాని చదువు జ్వరం దగ్గరే ఆగిపోతుంది. చల్లటి వైపు సైలెన్సరు నుంచి కాలని పెట్రోలూ ఆయిలూ కారుతుండటం ఉపసాక్ష్యం.

ప్లగులు మార్చి చూడు: ఇది అన్వయవ్యతిరేక న్యాయం. ఎడమది చల్లగా ఉందనుకుందాం. ప్లగులు అటూ ఇటూ మార్చి నడిపితే చల్లదనం కుడికి పోయిందా, దోషం ప్లగుది. ఎడమనే ఉండిపోయిందా, ప్లగు నిర్దోషి. ఉమ్మడి కుటుంబంలో ఒక అన్నకే కడుపునొప్పి వస్తే బావి నీళ్లను అనుమానించం గదా. ఈ అన్నదమ్ములకు ట్యాంకు, కార్బ్యురేటరు, క్రాంకుకేసు, సెన్సారు, ఇగ్నిషన్ బ్యాటరీ ఉమ్మడి. ప్లగు, ప్లగు మీది టోపీ, దాని తీగ, రింగు, గ్యాస్కెట్టు, సైలెన్సరు ఎవరివి వారివి. ఒక్కరికే వచ్చిన రోగం సొంత ఆస్తిలో ఉండాలి. ఒంటి సిలిండరు ఇంజను మొరాయిస్తే పోల్చి చూడడానికి పక్కన ఎవరూ ఉండరు. జంట ఇంజను బాగుచేయడం కష్టమని భయపడేవారు ఈ సౌకర్యాన్ని గమనించడం లేదు.

పూర్వపక్షం: పెట్రోలు పాళ్లు సరిచేసే కార్బ్యురేటరు సూది తిప్పితే పోదా? మైదానంలో ఎవరి ఇంజను మూలిగినా పదిమంది చేతులు ముందు సూదుల మీదికే పోతాయి. కార్బ్యురేటరు ఇద్దరిదీ అయినప్పుడు దాని సూది ఒక్కరినే ఎలా చలవపరుస్తుంది? తప్పని అనేస్తారేమో, పూర్తిగా తప్పు కాదు. తక్కువ వేగం సూది మరీ ఎక్కువ తెరిచి ఉంటే, ఐడిల్‌లో ఆ పెట్రోలు తడికి ముందు ఆరేది బలహీనమైన ప్లగే. అప్పుడు సూది సహకారి మాత్రమే, కారణం కాదు. ప్లగు విచారణ అయ్యాకే దాని వంతు.

మరో పూర్వపక్షం: మార్చడమెందుకు, కొత్త ప్లగే వేయవచ్చు గదా? వేయవచ్చు. ఇంజను నడుస్తుంది కూడా. కాని ప్లగు మార్చాలంటే టోపీ తీసి మళ్లీ బిగించాలి, చాలాసార్లు రోగం ఆ టోపీ సరిగ్గా కూర్చోకపోవడమే. కొత్తది వేసినవాడు మంచి ప్లగును పారేసి, కొత్తదాని మహిమను నలుగురికీ చెబుతాడు. అటూ ఇటూ మార్చాక రెండూ వేడెక్కితే దోషం టోపీదని మనకు తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేదు.

చల్లదనం ఎడమనే నిలిచిపోతే తర్వాత తీగలు మార్చి చూడాలి, పొడవు చాలితే. ఒక హెచ్చరిక: టోపీలో ప్లగు లేకుండా, ఉన్నా ఆ ప్లగు ఇంజను లోహానికి ఆనకుండా స్విచ్చి వేసి తిప్పకూడదు. బయటికి దారి దొరకని ఆ వోల్టేజీ ఇగ్నిషన్ పెట్టెలోనే దారి వెతుక్కుంటుంది. తీగలూ నిర్దోషులైతే కంప్రెషను చూడాలి. రెండు పిస్టన్లూ ఒకేసారి నొక్కుతాయి గనుక ఒక వైపు ప్లగు తీసి, రెండో వైపు గట్టితనం చేతికి ఎలా తగులుతుందో చూసి, మళ్లీ తారుమారు చేయాలి. ఇదంతా స్విచ్చి కట్టేసే.

రెండూ చల్లగా ఉంటే ఈ పద్యం పనికిరాదు. అప్పుడు విచారణ ఉమ్మడి ఆస్తి మీదికి మళ్లుతుంది: బ్యాటరీ, సెన్సారు తీగ, ట్యాంకు గాలిగొట్టం, ఆపైన కార్బ్యురేటరు లోపల చెత్త పట్టే సన్నని జాలీ, గట్టిపడిపోయిన డయాఫ్రం. వీటి మీద మరో ఆటవెలది రాయాలనే ఉంది గాని, డయాఫ్రానికి యతి ఇంకా కుదరలేదు.